డాక్టరమ్మ నాతో చెప్పిన మాట

ఆ మాట నా గొంతులో అడ్డంపడి ఏళ్లయింది. కక్కలేను, మింగలేను. ఇంటిపనిలో ఉన్నంతసేపూ మరిచిపోయినట్టే ఉంటుంది. ఎవరో ఒకరు మా ఆయన ఊసెత్తి, దేవుడిలాంటి మనిషి, ఒక్క దురలవాటు లేదు, ఎట్టా పోయాడో ఏమో అంటారు. అప్పుడు కదులుతుంది లోపల.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసినవాళ్లయితే మీ మొహం వంకే చూస్తూ, మీరు లోపల ఏమనుకుంటున్నారో అని అనుమానపడుతూ, సగంలో ఆపేసేదాన్ని. నా గుణమే అది. పాలవాడు వెళ్లకముందే పాలలో వేలు ముంచి చూస్తాను. కూరగాయలామె తక్కెడ కింద చింతపండేమైనా అంటించిందా అని వంగి చూస్తాను. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే, ఇప్పుడేం అడగబోతున్నారా అని ఎదురుచూస్తాను. ఇవన్నీ తెలివి అనుకున్నాను చాలాకాలం.

నా పేరు చెప్పను. ఊరు నరసరావుపేట. వైశ్యులం. బజారులో మాకు పచారీ కొట్టుంది. ఆయన ఉన్నప్పుడు ఆయన చూసుకునేవారు, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు.

అసలు సంగతి చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి. నెపం ఆయన మీదికి నెట్టడానికి కాదు. నెట్టడానికేనేమో కూడా. చూడండి, నా మీదే నాకు అనుమానం.

మా నాన్న తాగేవాడు. మా ఇళ్లల్లో తాగుడు వీధిగుమ్మంలోంచి రాదు, దొడ్డిగుమ్మంలోంచి వస్తుంది. ఆయన గుట్టుగా తాగి, యాలక్కాయ నములుతూ ఇంట్లోకి వచ్చేవాడు. మా అమ్మకు చాలా ఏళ్లు తెలియలేదు. తెలిసేసరికి కాళ్లు వాచాయి, పొట్ట ఉబ్బింది, లివరు పాడైందన్నారు. పోయాడు. అమ్మ ఏడ్చినప్పుడల్లా ఒకటే మాట అనేది, ముందే కనిపెట్టాల్సింది అని. అది చిన్నప్పుడే నా చెవిన పడింది. నేనైతే కనిపెడతాను అనుకున్నాను. పెళ్లయిన నాటి నుంచీ కనిపెడుతూనే ఉన్నాను. మా ఆయన చొక్కాలు ఉతకడానికి వేసేముందు వాసన చూడని రోజు లేదు. ఆ చొక్కాల్లో ఎప్పుడూ ఎండుమిరపకాయల ఘాటు, బెల్లం వాసన తప్ప ఏమీ ఉండేది కాదు. అయినా చూసేదాన్ని.

ఆయన భారీ మనిషి. కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే లేవడం తక్కువ. సాయంత్రమైతే కొట్టుకే మిరపకాయ బజ్జీలు తెప్పించుకునేవారు. చక్కెర జబ్బు ఎప్పటినుంచో ఉంది. ఒక ఏడాది వానాకాలం వెళ్లాక పొట్ట కుడివైపు బరువుగా ఉందని, ఊరికే అలసట వస్తోందని అన్నారు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. చిన్న వయసు. మాచర్ల వైపు అమ్మాయి, మా ఊళ్లో కొత్తగా ఆసుపత్రి పెట్టింది. అది మేడమీద. మెట్లెక్కుతూ ఆయన మధ్యలో ఆగి గోడకు చెయ్యి ఆనించారు. నేను పైనుంచి చూస్తూ నిలబడ్డాను. డాక్టరమ్మ కూడా గది గుమ్మంలోంచి చూసింది.

స్కానింగు చేయించింది. ఫ్యాటీ లివర్ అంది. కాలేయానికి కొవ్వు పట్టిందట.

నాకు లివరు అన్న ముక్కే వినపడింది. తరవాత ఆమె తిండి గురించి, నడక గురించి, బరువు తగ్గడం గురించి చెప్పిందంతా ఆయన తలూపుతూ విన్నారు. నేను ఆయన తలూపడం చూస్తున్నాను. దొరికిపోయాడు అనుకున్నాను. బాధగా అనుకున్నానా? లేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ లోపల ఎక్కడో ఒక గెలుపు. ఇన్నేళ్లుగా వెతుకుతున్నది ఇవాళ దొరికింది అన్నట్టు.

ఆయన మందుల కోసం కిందికి దిగారు. ఆమె నన్ను ఉండమంది. తలుపు దగ్గరగా వేసి, తన కుర్చీ నా వైపు జరుపుకుని కూర్చుంది. ఆమె చెప్పింది మొత్తం నాకు గుర్తుంది. ఇన్నేళ్లలో ఒక్క అక్షరం పోలేదు. లివరుకు కొవ్వు పట్టినవాళ్లకు కొందరికి గుండె కూడా మెల్లగా బిరుసెక్కుతుందని, కొట్టుకోవడం బాగానే కొట్టుకుంటుంది గానీ సాగి రక్తం నింపుకోవడం చేతకాదని, దాంతో ఆయాసం, కాళ్లవాపు వస్తాయని చెప్పింది. ఈయన నాలుగు మెట్లకే ఆగిపోయారని, చీలమండ దగ్గర నొక్కితే గుంట పడుతోందని, చక్కెర కూడా ఉంది కాబట్టి తనకు అనుమానంగా ఉందని అంది. గుండెకు ఎకో అని ఒక పరీక్ష ఉంటుంది, నొప్పి ఉండదు, ఈ వారంలోనే గుండె డాక్టరు దగ్గర చేయించండి అంది. ఆయనతో నేరుగా చెప్పినా, చీటీ మీద రాసినా భయపడి అసలే రారేమో, అట్టాంటి మనిషిలా ఉన్నారు, మీరు నచ్చజెప్పి తీసుకెళ్లండి అంది.

నేను ఒక్కటే అడిగాను, ఇది తాగితేనే వస్తుంది కదా అని. అందరికీ తాగితేనే రాదమ్మా, తాగనివాళ్లకు కూడా చానామందికి వస్తోంది అంది.

అంతే. ఆమెను నమ్మడం అక్కడితో మానేశాను. ఆయనే ముందుగా చెప్పిపెట్టాడు, నా పెళ్లాంతో మందు మాట ఎత్తవద్దు అని, అనుకున్నాను. ఎప్పుడు చెప్పి ఉంటాడు? నేను పక్కనే ఉన్నాను కదా? నేను చెప్పులు విప్పుతుండగా లోపలికి వెళ్లాడు కదా, అప్పుడు చెప్పి ఉంటాడు. అనుమానానికి సందు దొరక్కపోవడం ఉండదు. ఇంకో అనుమానం కూడా వచ్చింది. ఈ పరీక్షలు రాసేదంతా కమీషన్ల కోసమే అంటారు కదా, ఈమె కూడా ఆ తానులో ముక్కే అయి ఉంటుంది అని. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారు. ఆ రోజు జబ్బు ఆయన కాలేయానిది, పచ్చదనం నా కళ్లది.

ఆటోలో కూర్చున్నాక ఆయన అడిగారు.

"ఏమందే డాక్టరమ్మ, నిన్నొక్కదాన్నే కూర్చోబెట్టుకుని?"

"ఏమంటది. నోరు కట్టుకోమంది."

"అంతేనా?"

"అంతే."

ఇదే నేను చేసింది. ఇంత చిన్నది. ఎందుకు చేశానో కూడా చెప్పాలి, లేకపోతే ఇది రాయడం దండగ. కమీషన్ల అనుమానం ఒక సాకు. నిజం ఏమిటంటే, గుండె అన్న మాట ఇంట్లోకి వస్తే అందరూ ఆయన మీద జాలిపడతారు. అయ్యో గుండె అంటారు. తాగుడు సంగతి దాని కింద దాక్కుంటుంది. మా నాన్న విషయంలో చివర్లో అదే జరిగింది, జాలి పడ్డారు, ఎవరూ నిలదీయలేదు. ఈయన ముందు ఒప్పుకోవాలి. నా ఎదురుగా నిలబడి, అవునే, తాగాను అనాలి. అన్నాక నేనే చెయ్యి పట్టుకుని గుంటూరు తీసుకెళ్తాను. అప్పటిదాకా గుండె మాట నా దగ్గరే ఉంటుంది. అలా అనుకున్నాను. ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన మాటను కొంగున ముడివేసి, నువ్వు ఒప్పుకుంటే ఇస్తాను అని కూర్చున్నాను. ఆయనకేమో అలాంటి మాట ఒకటి ఉందనే తెలియదు.

తరవాత నా కళ్లకు పని పెరిగింది. ఆయన డాక్టరమ్మ చెప్పింది కదా అని కొట్టు నుంచి ఇంటికి నడిచి రావడం మొదలుపెట్టారు. రోజురోజుకూ ఆలస్యంగా వచ్చేవారు. వస్తూ యాలక్కాయ నమిలేవారు. గ్యాసుకు మంచిదట. ఇంతలో పక్కింటి పిల్ల, అదేదో తమాషా కబురులాగా, బాబాయి వైన్ షాపు పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు పిన్నీ అని చెప్పింది. మర్నాడు నేనే వెళ్లి, ఎదురుగా బట్టల కొట్టు గుమ్మంలో నిలబడి చూశాను. నిజమే. వైన్ షాపు పక్కనే సోడా బండి. దాని బల్ల మీద ఆయన. చేతిలో గోలీసోడా. పొట్ట మీద చెయ్యి. కళ్లు మూసుకుని ఉన్నారు. సోడాలో ఏం కలిపాడో అనుకున్నాను. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని సామెత మనకు ఊరికే ఉందా? ఆ సామెత తెలిసి కూడా నేను కల్లే అన్నాను.

పడుకునేటప్పుడు రెండు దిళ్లు పెట్టుకుని, వీపు గోడకు ఆనించి, మొహం అటు తిప్పుకుని పడుకోవడం మొదలుపెట్టారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదు అన్నారు. నోటి వాసన నాకు తగలకుండా అటు తిరిగాడు అని అర్థం చేసుకున్నాను. పాదాలు వాచి చెప్పులు బిగుతైతే, ఇదిగో నాన్నకు కూడా ఇలాగే వాచాయి అనుకున్నాను. కనిపించిన ప్రతి గుర్తునూ తీసుకొచ్చి తాగుడు కిందే జమ కట్టాను. అవన్నీ ఆ డాక్టరమ్మ నాతో చెప్పిన గుర్తులే. ఆమె చెప్పింది చెప్పినట్టు నా కళ్ల ముందు జరుగుతోంది. తెలియక చేశానని ఎలా అనను? మా ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే.

నిలదీశాను కూడా. ఒకటికి పదిసార్లు. ఆయన మొదట నవ్వేవారు. తరవాత కోప్పడ్డారు. ఆ తరవాత మాట్లాడటం మానేశారు. మాట్లాడకపోతే తప్పు చేసినట్టే కదా, నా లెక్కలో.

మా వైపు తాగుబోతును మాన్పించాలంటే మాల వేయిస్తారు. అది మందులకు లొంగనివాడికి మందు. దీక్షలో ఉన్నన్నాళ్లూ ముట్టడు, భయం ఉంటుంది, అలా అలా అలవాటు తప్పుతుంది అని నమ్మకం. శివరాత్రి ముందు శివమాలలు వేసుకునే రోజులొచ్చాయి. నేను మా మరిదిని పిలిచి, మీ అన్నకు మాల వేయించాలి అన్నాను. ఆయన తమ్ముడు అతను, అన్నంటే ప్రాణం. ఎందుకో చెప్పకుండానే చెప్పాను. అతను నా మొహం చూసి, అన్నయ్యా? అని, ఇంకేమీ అడగలేదు. ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఎవరూ పైకి అనలేదు. ఆయనకు కూడా అర్థమైంది ఈ మాల ఎందుకో. వేసుకుంటాను, దానితోనైనా నీ అనుమానం తీరుతుందేమో చూద్దాం అన్నారు.

తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం. కాళ్లకు చెప్పుల్లేవు. కటికనేల మీద పడక. దిళ్లు ఉండకూడదు. ఆ నియమం దగ్గర ఆయన ఒకసారి నా వైపు చూశారు. నేను దిళ్లు తీసి బీరువా మీద పెట్టాను. ఆయన గోడకు చేరగిలబడి కూర్చునే కునుకు తీసేవారు. మాలలో ఉన్న మనిషిని పేరు పెట్టి గానీ, ఏమండీ అని గానీ పిలవకూడదు, స్వామీ అనాలి. నేను రోజూ ఆయనకు దణ్ణం పెట్టి, స్వామీ భిక్షకు లేవండి అని, లేచి వెళ్లాక ఆయన సంచి తడిమి చూసేదాన్ని.

మాఘమాసంలో ఒక సోమవారం కోటప్పకొండ మెట్లెక్కి త్రికోటేశ్వరుడి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేయాలని నేనే పెట్టాను. ఒట్టు చేతిలో వేస్తే కాదు, దేవుడి ముందు వేయాలి. ఘాట్ రోడ్డు మీద కారులో వెళ్దాం వదినా అన్నాడు మరిది. కారులో వెళ్తే మొక్కు కాదన్నాను.

నేను ముందు ఎక్కుతున్నాను. ఆయన వెనక. వాళ్ల తమ్ముడు పళ్లెం పట్టుకుని ఇంకా వెనక. ఆ కొండ కథ ఇక్కడ పుట్టినవాళ్లందరికీ తెలుసు. నీ వెంట వస్తాను, వెనక్కి తిరిగి చూడకు అన్నాడు దేవుడు. గొల్లభామ తిరిగి చూసింది, శిలైపోయింది. నేను మెట్టు మెట్టుకూ తిరిగి చూశాను, నటిస్తున్నాడా, నిజంగానే ఆయాసపడుతున్నాడా అని. నాకేమీ కాలేదు.

సగం పైన ఆయన ఒక మెట్టు మీద కూర్చుండిపోయారు. దీక్షబట్ట చెమటకు ఒంటికి అంటుకుపోయింది. పెదవులు నల్లబడ్డాయి. దగ్గరికి వెళ్లాను.

"ఇక నావల్ల కాదే. ఇక్కడే ఒట్టేస్తా. నేను ఎన్నడూ తాగలా."

"పైన చెప్పండి స్వామీ, ఆయన ముందు."

ఆయన నన్ను చూశారు. ఏ మనిషీ నన్ను అలా చూడలేదు. కోపం లేదు. అలసిపోయిన చూపు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచారు. ఇంకొన్ని మెట్లు ఎక్కారు. అక్కడ పడిపోయారు.

మోసుకుంటూ కిందికి దించారు. పేటలో ఆక్సిజన్ పెట్టి గుంటూరు పంపించారు. అక్కడి గుండె డాక్టరు ఎకో తీశాడు. నొప్పి లేదు, ఆమె చెప్పినట్టే. పెద్దసేపు కూడా పట్టలేదు. గుండె గోడలు బిరుసెక్కాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది అన్నాడు. తాగుడు వల్లే కదా డాక్టరుగారూ అని నేనే అడిగాను, అప్పటికి కూడా. పరీక్షల్లో తాగుడు ఆనవాలేమీ లేదమ్మా, ఇది తాగుడు వల్ల వచ్చింది కాదు, కొవ్వు, చక్కెర, బరువు అన్నీ కలిసి చేసింది అన్నాడు. లివరు స్కానింగు అయినప్పుడే గుండెకు పరీక్ష చేయించాల్సింది, మీకెవరూ చెప్పలేదా అన్నాడు. మరిది నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

అప్పుడే చూసి ఉంటే ఎలా ఉండేదని అడిగాను. ముందుగా మందులు మొదలై ఉంటే చాలావరకు నిలిచేది, అయినా కచ్చితంగా చెప్పలేం అన్నాడు. ఆ రెండో ముక్క పట్టుకుని కొన్నాళ్లు బతికాను. కచ్చితంగా చెప్పలేం అన్నాడుగా, కచ్చితంగా చెప్పలేం అన్నాడుగా అనుకుంటూ.

తరవాత జరిగింది ఇంకా పెద్ద పాపం. మొదటిది అనుమానంతో చేశాను. రెండోది తెలిసి చేశాను.

మా మరిది ఊరుకోలేదు. బంధువుల్ని వెంటేసుకుని డాక్టరమ్మ ఆసుపత్రికి వెళ్లాడు. నన్ను కూడా తీసుకెళ్లాడు, సాక్ష్యానికి. జనం నిండా ఉన్నారు. స్కానింగులో లివరు చూసి గుండె సంగతి ఎందుకు చెప్పలేదని అరిచాడు. ఆమెకు ముందు మేమెవరో అర్థం కాలేదు. నన్ను చూడగానే గుర్తుపట్టింది. మొహంలో భయం పోయి తేరుకుంది. ఇక బయటపడ్డాను అనుకున్నట్టుంది.

"నేను ఈ అమ్మకే చెప్పానండీ. ఎకో తీయించమని, ఈ వారంలోనే తీయించమని కూర్చోబెట్టి మరీ చెప్పా. కావాలంటే ఆమెనే అడగండి."

అందరూ నా వైపు తిరిగారు.

"నాకేం చెప్పలా," అన్నాను.

నా గొంతు వణకలేదు. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఆ పిల్ల నన్ను అలాగే చూస్తూ ఉంది. ఏడవలేదు. ఆ తరవాత వాళ్లంతా ఏమేం అన్నారో నేను రాయను. కొన్నాళ్లపాటు ఆ మేడ మెట్లెక్కేవాళ్లు తగ్గిపోయారని విన్నాను. మా బజారులోనే అనుకునేవాళ్లు, ఆమెకు చదువు చాలదని. నేను మా కొట్లోనే నిలబడి ఇంటికి పప్పు కొలిపించుకుంటూ విన్నాను.

మా ఆయన ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంకో శివరాత్రి చూడలేదు. ఆ నెలలన్నీ నేను మందులు తప్పనివ్వలేదు. ఉప్పు లేకుండా వండాను. వీపు వెనక దిళ్లు పేర్చి కూర్చోబెట్టాను. ఊరంతా మెచ్చుకుంది. సోడా బండి అతను చూడటానికి వచ్చి, ఇంటిదాకా ఒక్క దమ్మున నడవలేక నా దగ్గర కూర్చుని ఊపిరి తీసుకుని పోయేవాడమ్మా అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఒకరోజు మధ్యాహ్నం కాళ్లు పిసుకుతుంటే ఆయన అన్నారు, నేను తాగలేదని ఇప్పటికైనా నమ్మావా అని. నమ్మాను అన్నాను. ఆయన మొహం తేలికపడింది. ఆ తరవాత, పాపం నీకేం తెలుసులే, ఆ డాక్టరమ్మ చెప్పకపాయె, చెప్పుంటే నువ్వు ఊరుకునేదానివా, నన్ను ఈడ్చుకుపోయేదానివి కాదూ అన్నారు. నన్ను క్షమించారు, కానీ తప్పుడు లెక్క మీద క్షమించారు. అప్పుడే చెప్పాల్సింది. నా చేతుల్లో ఆయన పాదం ఉంది. నొక్కితే గుంట పడింది. ఆ గుంట మెల్లగా పూడేదాకా చూస్తూ కూర్చుని, ఏమీ చెప్పలేదు. ఎందుకు? ఆ కాస్త తేలిక కూడా ఆయన దగ్గర లాక్కోవడం ఎందుకని అనుకున్నాను. అలా అనుకున్నానని ఇన్నేళ్లూ అనుకున్నాను. నిజానికి ఆయన మళ్లీ ఆ మెట్ల మీద చూసినట్టు చూస్తారని భయం.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య నాకు కుడివైపు బరువుగా ఉంటోంది. మెట్లెక్కితే ఆయాసం. మా అబ్బాయి ఊళ్లో లేడు, కోడలు తీసుకెళ్లింది. ఎక్కడికో చెప్పలేదు, ఆటో ఆగాక చూస్తే అదే మేడ. దిగనని అనలేను కదా, ఎందుకని అడుగుతుంది. ఎక్కాను. మధ్యలో ఆగి గోడకు చెయ్యి ఆనించాను.

స్కానింగు తీశారు. నాకూ అదే. ఫ్యాటీ లివర్. జన్మలో చుక్క ముట్టని దాన్ని. ముందు రోజు దాకా ఎవరైనా చెప్పినా నా మనసులో ఏ మూలో ఒక అపనమ్మకం ఉండేది, తాగకుండా ఎలా వస్తుందని. నా ఒళ్లే నాకు సాక్ష్యం చెప్పింది. ఇంటికొచ్చాక, అప్పటి ఆ పక్కింటి పిల్లే, నీకెట్టా వచ్చింది పిన్నీ లివరు అని అడిగి ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఏళ్ల తరబడి నేను చూసిన చూపే.

డాక్టరమ్మ జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియలేదు. రిపోర్టు చదివి, బయట మీవాళ్లు ఎవరున్నారు, పిలవండి అంది. నేనొక్కదాన్నే వింటాను లెండి అన్నాను. పక్కన ఉన్న నర్సు నవ్వి, మేడమ్ ఒక్కరికి చెప్పరండీ, ఇద్దరుంటేనే చెప్తారు, ఎప్పటినుంచో ఇదే పద్ధతి అంది. ఎప్పటి నుంచి అన్నది నాకు తెలుసు. కోడలు లోపలికొచ్చి కూర్చుంది. అప్పుడు చెప్పింది, లివరు సంగతి, గుండె సంగతి, ఎకో సంగతి. చెప్పి, నేనేం చెప్పానో చెప్పండి అని ముందు నన్ను, తరవాత కోడల్ని అడిగింది. చిన్నపిల్లల్లా అప్పజెప్పాం. నాకు ఒక్క మాట తప్పు పోలేదు. ఎప్పుడో కంఠస్థం వచ్చిన పాఠం కదా.

కోడల్ని మందులకు పంపించాను. నర్సు కూడా బయటికి వెళ్లింది.

"అప్పుడు మీరు చెప్పారమ్మా," అన్నాను. "నాకే చెప్పారు. నేనే లేదన్నాను."

ఆమె పెన్ను మూత పెట్టింది.

"చెప్పాననే అనుకునేదాన్నండీ మొదట్లో," అంది. "పోను పోను నాకే అనుమానం పట్టుకుంది, అసలు చెప్పానా, చెప్పాలనుకుని మర్చిపోయానా అని. మీరు అంత గట్టిగా అన్నారు మరి."

పర్వాలేదు అనలేదు. పోనీలెండి అని కూడా అనలేదు. ఎందుకు లేదన్నారని అడుగుతుందేమో అని చూశాను. అడగలేదు. గంట కొట్టి తరవాతి వాళ్లను పిలిచింది. నా అనుమానం మా ఆయన్ను తినేసి ఆగిపోయిందనుకున్నాను. ఈమెలో కూడా ఇన్నాళ్లు కాపురం చేసిందన్నమాట, ఆమె మీద ఆమెకే.

ఆటోలో కోడలు అడిగింది, నేను మందులకు వెళ్లాక ఏం చెప్పారత్తయ్యా అని. ఎకో ఈ వారంలోనే తీయించాలంది అన్నాను.

"అంతేనా?"

అంతే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అదే రకం సీటు, అదే రోడ్డు, అదే ప్రశ్న. అంతే కాదు, ఇంటికెళ్లాక చెప్తాను అన్నాను. కోడలు వింతగా చూసింది. ఏదో పెద్ద జబ్బు దాస్తున్నానని అనుమానం వచ్చినట్టుంది. ఇప్పటికి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్లింది. నేను ఇది రాస్తున్నాను.

డాక్టరమ్మకు చెప్పింది సగమే. ఎందుకు దాచానో, ఆ మెట్టు మీద ఏమన్నానో, పాదం పట్టుకుని ఎందుకు నోరు విప్పలేదో ఆమెకు తెలియదు. మొత్తం చెప్పింది మీకే. చెప్పాక ఏమైనా తగ్గిందా అంటే, గొంతులో అడ్డం కొంచెం జరిగింది. ఊపిరి ఆడుతోంది. అంతకన్నా అడిగే హక్కు నాకు లేదు. మీరు నన్ను ఏమనుకుంటున్నారో అన్న అనుమానం కూడా ఇప్పుడు లేదు, ఏమనుకున్నా అది నిజమే అయి ఉంటుంది.

ఒక్కరికి చెప్తే చెప్పినట్టు కాదని ఆ డాక్టరమ్మ నేర్చుకుంది నా వల్లే. మీరు ఒకరు. కోడలు మళ్లీ గుమ్మం దాకా వచ్చింది, ఈసారి లోపలికి రమ్మంటాను.